పోలీసు వ్యానులో పాట్రిక్

మార్చి పదిహేడు, ఉదయం ఎనిమిది గంటలు. ఫిన్టన్ డర్కన్ మాస్టారి పథకం చాలా సులువైనది. గోనె తొడుక్కోవాలి. గొర్రెను తెచ్చుకోవాలి. పన్నెండున్నరకు, దేశానికి క్రీస్తు మతం తెచ్చిన పునీతుడు పాట్రిక్ వేషంలో, బల్లీక్రానన్ ఊరి పండగ ఊరేగింపుకు ముందు నడవాలి. అంతే. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుందని నిద్ర లేచింది మొదలు పదకొండుసార్లు తనను తాను ప్రశ్నించుకున్నాడు. పదకొండుసార్లూ చోటు కనపడలేదు. దాంతో మరింత కంగారు పుట్టింది.

"ఓ చోట కూర్చోరాదూ? వంటింటి నేల అరిగిపోతోంది," అంది ఆయన భార్య నూలా. ఉపవాస దినాల నలభై రోజులూ చాక్లెట్ ముట్టనని ఒట్టేసుకున్న మనిషి ఆవిడ. పాట్రిక్ పండగ రోజు ఆ ఒట్టుకు సెలవు గనక ఆరున్నర నుంచే తింటోంది. మహిళా సంఘం ట్రాక్టరు మీద కూర్చుని ఊలు వడికే పాత్ర ఆవిడది. నీలం శాలువా అప్పుడే కప్పుకుంది.

"నేల సంగతి సరే. నేనెలా ఉన్నాను?"

నూలా పైనుంచి కిందికి చూసింది. ముతక గోనె. నడుముకు తాడు. మొహం నిండా కుంపటి బూడిద. ఉత్త కాళ్ళు.

"చర్చి మెట్ల మీద కనపడితే రెండు యూరోలు వేసేదాన్ని," అంది. "చెప్పులేసుకో. మార్చి నెల ఇది."

"పాట్రిక్‌కు చెప్పులున్నాయా?"

"ఆయనకు పదహారేళ్ళు. నీకు అరవై ఏడు. ఫోనైనా పట్టుకెళ్ళు."

"గొర్రెలు కాసే బానిస దగ్గర ఫోనా!" అని మాస్టారు గుమ్మం దాటాడు.

ఆయన ఆత్రానికి కారణం ఉంది. ఇరవై రెండేళ్ళుగా ఆ ఊళ్ళో పాట్రిక్ వేషం మాంసం కొట్టు డిన్నీ స్కాహిల్‌ది. ఆకుపచ్చ అంగీ, అట్టముక్కల బిషప్ టోపీ, కర్రకు చుట్టిన రబ్బరు పాములు, దారి పొడుగునా పిల్లలకు విసిరే మిఠాయిలు. ఇరవై రెండేళ్ళుగా మాస్టారు కమిటీలో లేచి నిలబడి ఒకటే మాట చెబుతూ వచ్చాడు. ఈ దేశంలో పాములే లేవు, ఉంటే కదా పాట్రిక్ వాటిని తరిమేశాడనడానికి! ఆయన మనవాడు కూడా కాదు. సముద్రం అవతల పదహారేళ్ళ పిల్లాణ్ణి మనవాళ్ళే ఎత్తుకొచ్చి అమ్మేస్తే, ఆకలితో చలితో ఆరేళ్ళు ఈ కొండల్లో గొర్రెలు కాశాడు. తప్పించుకుని ఇంటికి చేరాడు. చేరినవాడు చేరినట్టుండక, తనను బానిసను చేసిన జనం కోసమే మళ్ళీ తిరిగొచ్చాడు. పండగంటే అదీ, అనేవాడు.

వినీ వినీ కమిటీ అలిసిపోయింది. జనవరిలో తీర్పు చెప్పింది. "ఈ ఒక్క ఏడాది వేషం నీకిస్తున్నాం మాస్టారూ. సవ్యంగా జరిగిందా, ఎప్పటికీ నీదే. గడబిడైందా, ఎప్పటికీ డిన్నీది. నీ ఉపన్యాసం మాత్రం మళ్ళీ వినం."

పదీ పదిహేనుకు మాస్టారు పాచో లావెల్ పొలానికి చేరాడు. పాచో ఇంట్లో లేడు, పది గంటల పూజకు వెళ్ళాడు. ముందురోజే చెప్పి ఉంచాడు. "ఇంటి పక్క షెడ్డులో రెండుంటాయి. నెమ్మదైనదాన్ని పట్టుకెళ్ళు మాస్టారూ. సీసాపాలు తాగించి పెంచిన పిల్ల. దాణా బకెట్టు చూపిస్తే డబ్లిన్ దాకా వస్తుంది."

షెడ్డు తలుపు తీశాడు. బకెట్టు కనబడగానే ఒక గొర్రె దూసుకొచ్చి మోకాళ్ళ మీద కుమ్మి, ఊరు లేచేలా అరవసాగింది. రెండోది మూలన గోడకు ఆనుకుని ఎటో చూస్తూ మౌనంగా నిలబడింది. దాని మొహంలో గొప్ప ప్రశాంతత ఉంది. పైగా దాని వెనక భాగాన పెద్ద ఎర్ర మచ్చ, పక్కటెముకల మీద రెండు ఆకుపచ్చ గీతలు ఉన్నాయి. ఎరుపూ ఆకుపచ్చా! మేయో జిల్లా జట్టు రంగులు!

మాస్టారి కళ్ళు చెమర్చాయి. పాచో ఎంత శ్రద్ధగా ముస్తాబు చేశాడు!

ఎర్ర మచ్చంటే మందలో అందరికంటే ముందు ఈనేదని, రెండు గీతలంటే కడుపులో రెండు పిల్లలున్నాయని మేయోలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కానీ మాస్టారు రాజుల తేదీలన్నీ తెలిసిన మనిషి. ఆయన మౌనంగా ఉన్నదాని మెడకు తాడు వేశాడు. పరుచుకోవడానికి పనికొస్తుందని ఓ మోపు ఎండుగడ్డి వీపున కట్టుకుని రోడ్డెక్కాడు.

ఊరు మూడు కిలోమీటర్లు. గొర్రె నాలుగడుగులు వేసి నిలబడి నిట్టూర్చేది. దారిలో ట్రాక్టరు మీద ఎదురైన ఓ ముసలి రైతు బండి ఆపి, గొర్రె వెనక భాగాన్ని శ్రద్ధగా పరిశీలించాడు. మేయో రైతు ఏ మాటా సూటిగా చెప్పడు. చెబితే మర్యాద కాదు.

"మంచి దొరసానే దొరికింది మాస్టారూ."

"పాచోది."

"ఇంకెంతోసేపు పట్టదు."

"లేదు లేదు, పన్నెండున్నరకల్లా చేరిపోతాం!"

రైతు గొర్రె వెనక భాగం వైపు మళ్ళీ చూశాడు. "అంత కచ్చితంగా చెప్పగలిగినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు," అని టోపీ తీసి గౌరవంగా తలవంచి వెళ్ళిపోయాడు.

మాస్టారు మరో అరకిలోమీటరు నడిచాడు. కాళ్ళు నీలంగా మారుతున్నాయి. పెదాలు మాత్రం ఉపన్యాసాన్ని మననం చేస్తున్నాయి. పదకొండు పేజీలు. సరిగ్గా అప్పుడే పక్కన పోలీసు వ్యాను ఆగింది.

దిగిన ఆవిడ సార్జంట్ రోష్. వెక్స్‌ఫర్డ్ పట్నం నుంచి జనవరిలోనే బదిలీ మీద వచ్చింది. ఊరి మొహాలు ఇంకా పూర్తిగా తెలియవు, ఈ బూడిద మొహం అసలు తెలియదు.

"ఏమయ్యా, ఎక్కడికి?"

పోలీసుల్ని కూడా నాటకంలో కలిపేశారని మాస్టారు అనుకున్నాడు. కమిటీకి ఇంత ఊహాశక్తి ఉంటుందని ఆయన అనుకోలేదు. వెంటనే పాత్రలోకి దూకాడు.

"యజమాని గొర్రెను కాస్తున్నానమ్మా."

"పేరు?"

"పాట్రిక్."

"ఇంటిపేరు?"

"బానిసకు ఇంటిపేరెక్కడిది తల్లీ?"

సార్జంట్ కనుబొమలు పైకి లేచాయి. "ఏ ఊరు?"

"సముద్రం అవతల. నన్ను ఎత్తుకొచ్చారు."

"ఎవరు?"

"మీవాళ్ళే," అన్నాడు మాస్టారు, కొంచెం గంభీరంగా.

ఆవిడ దగ్గరికొచ్చి వాసన చూసింది. మందు వాసన లేదు, గొర్రె వాసన ఉంది. "ఈ గొర్రె నీదేనా?"

"ఈ లోకంలో నాదంటూ ఏమీ లేదు."

"బాగా చెప్పావు. ఎక్కు," అని ఆవిడ వ్యాను వెనక తలుపు తెరిచింది. మాస్టారు ఉత్సాహంగా ఎక్కాడు, గొర్రెను ఎక్కించాడు కూడా. బయట గడియ పడిన చప్పుడు వినపడ్డాక గానీ నాటకం అయిపోయిందని ఆయనకు అర్థం కాలేదు.

పదకొండుంబావుకు స్టేషను ముందు వ్యాను ఆగింది. "నేను ఫిన్టన్ డర్కన్‌ని! బడి పంతుల్ని! ఈ ఏడాది పాట్రిక్‌ని!" అని మాస్టారు లోపల్నుంచి గోడ బాదాడు. "పాచో లావెల్‌ని అడగండి! గొర్రె అతనిదే!"

సార్జంట్ న్యాయంగానే ప్రవర్తించింది. పాచోకు ఫోను చేసింది. పూజలో ఉన్నాడు గనక ఫోను మూసి ఉంది. మాస్టారి ఇంటికి చేసింది. నూలా అప్పటికే ట్రాక్టరెక్కేసింది. ఇంకెవరినడగాలా అని చూస్తుండగా, పొడుగాటి కోటుతో డిన్నీ స్కాహిల్ స్టేషనులోకి వచ్చాడు. ఊరేగింపు వేళకు కదులుతుందా అని కనుక్కోవడానికట. కోటు కిందినుంచి జానెడు ఆకుపచ్చ గుడ్డ కనపడుతోంది.

"ఓసారి ఇటు రండి. ఇతన్ని ఎరుగుదురా?"

డిన్నీ వ్యాను కిటికీలోంచి తొంగి చూశాడు. లోపల బూడిద పూసుకున్న మొహం వెలిగిపోయింది.

"డిన్నీ! నేనురా! ఫిన్టన్‌ని!"

డిన్నీ ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఇరవై రెండేళ్ళు ఉన్నాయి. టోపీ ఉంది, పాములున్నాయి, చప్పట్లున్నాయి.

"ఈ మొహం నేనెప్పుడూ చూళ్ళేదు సార్జంట్."

"మీ పేరు చెబుతున్నాడే?"

"పేర్లు కూడా కనుక్కున్నారా! దొంగ వెధవలు, ముందే అంతా వాకబు చేసుకుని వస్తారు."

బైబిల్లో శిష్యుడు తన గురువును ఎరగనని బొంకగానే కోడి కూసింది. ఇక్కడ ఎక్కడా కోడి కూయలేదు. కూసి ఉంటే డిన్నీ కొట్టుకు పనికొచ్చేది.

పదకొండు నలభైకి స్టేషను ఫోను మోగింది. పాచో లావెల్. "సార్జంట్, నా గొర్రెను ఎత్తుకుపోయారు! మంచిది, కవలల గొర్రె, ఇవాళో రేపో ఈనేది!" పెంపుడు గొర్రె షెడ్డులోనే కనపడేసరికి, మాస్టారు చలికి భయపడి రానేలేదని అతను తీర్మానించుకున్నాడు, సార్జంట్ అడిగితే అదే చెప్పాడు. పోయింది వేరే గొర్రె, పట్టుకుపోయింది వేరే మనిషి. లెక్క సరిపోయింది.

"కంగారుపడకండి, దొంగను పట్టుకున్నాం," అంది సార్జంట్.

ఆ వార్త స్టేషను నుంచి రొట్టెల కొట్టుకు, అక్కణ్ణించి చర్చి ముంగిటికి చేరడానికి నాలుగు నిమిషాలు పట్టింది. రొట్టెల కొట్టు దగ్గర దొంగ ఒక్కడే. చర్చి దగ్గరికి వచ్చేసరికి నలుగురు. పెట్రోలు బంకు దాటేసరికి వాళ్ళకో లారీ, ఓ తుపాకీ కూడా సమకూరాయి.

పన్నెండుంబావుకు సార్జంట్‌కు మరో చిక్కు ఎదురైంది. ఊరేగింపుకు ముందు పోలీసు బండి కదలందే ఏ ట్రాక్టరూ కదలదు, అది ఆ ఊరి రివాజు. ఉన్నది ఒకే వ్యాను. డ్యూటీలో ఉన్నది తనొక్కతే. స్టేషనులో ఉన్న ఒకే లాకప్ గదికి గడియ విరిగి ఏడాదైంది. ఖైదీని వదిలి వెళ్ళకూడదు, సాక్ష్యాన్నీ వదిలి వెళ్ళకూడదు. సాక్ష్యం గడ్డి నములుతోంది.

"కదలకుండా కూర్చో," అని ఆవిడ నీలం లైటు వేసి బయల్దేరింది.

అలా ఫిన్టన్ డర్కన్ మాస్టారు, తను కలగన్నట్టే, బల్లీక్రానన్ ఊరేగింపుకు అందరికంటే ముందు వెళ్ళాడు.

కిటికీ జాలీకి మొహం ఆనించి వెనక్కి చూశాడు. సరిగ్గా పది గజాల వెనక ఆకుపచ్చ అంగీ, బిషప్ టోపీ, రబ్బరు పాములు. "మాస్టారికి మంచాన పడేంత జ్వరమట పాపం," అని కమిటీకి స్వయంగా చెప్పి, డిన్నీ కోటు విప్పేశాడు. పిల్లలు మిఠాయిలకు ఎగబడుతున్నారు.

"ఆ పాట్రిక్ అబద్ధం!" అని మాస్టారు అరిచాడు. "నేనే అసలు పాట్రిక్‌ని!"

"పాట్రిక్ అదిగో, అక్కడున్నాడు. నాకు కనపడుతూనే ఉన్నాడు," అంది సార్జంట్ అద్దంలో చూస్తూ. "ఊరికి ఎందరయ్యా మీరు?"

బాజాల మోతలో ఆయన జవాబు కొట్టుకుపోయింది. గడబిడైతే ఎప్పటికీ డిన్నీదే. ఇంతకంటే గడబిడ ఏముంటుంది? మాస్టారు నేల మీద కూలబడ్డాడు. అప్పుడు చూశాడు గొర్రె వైపు. అది పడుకుని ఉంది. మూతి పైకెత్తి, పై పెదవి ముడిచి, నేలను కాలితో గీరుతోంది. వెనక నుంచి ఏదో బయటికి వస్తోంది. అది రెండు చిన్న గిట్టలని ఆయన గ్రహించడానికి కొంత సమయం పట్టింది. ఎర్ర మచ్చకూ ఆకుపచ్చ గీతలకూ మేయో జిల్లా జట్టుతో ఏ సంబంధమూ లేదని అర్థం కావడానికి మాత్రం క్షణం కూడా పట్టలేదు.

ఆయన రెండు చేతులతోనూ గోడను బాదాడు. ఆ కేకలో వేషం లేదు.

"అమ్మా! ఆపు! ఈనుతోంది!"

సార్జంట్ బ్రేకు వేసింది. వెనక డిన్నీ ఆగాడు. డిన్నీని గుద్దుకుని బాజా బృందం, వాళ్ళ వెనక నాట్యం చేసే పిల్లలు, ఫైరింజను, పద్నాలుగు ట్రాక్టర్లు ఆగాయి. వ్యాను ఆగింది సరిగ్గా మందుల షాపు ముందు. జిల్లాలోని ఊరేగింపుల పోటీకి రావలసిన న్యాయనిర్ణేత కూర్చునే వేదిక అక్కడే ఉంది. ఆవిడ కుర్చీ ఇంకా ఖాళీగా ఉంది. అంతకుముందు ఊళ్ళో ఊరేగింపు ఆలస్యమైందట.

తలుపు తెరుచుకుంది. ఎండుగడ్డి మీద మోకాళ్ళేసిన గోనెమనిషి. పడుకున్న గొర్రె. దొంగను చూద్దామని జనం మెడలు చాచారు. మూడో ట్రాక్టరు మీద నుంచి ఓ కేక.

"జీసస్, మేరీ, జోసెఫ్! ఆ కాళ్ళు మా ఆయనవి!"

నూలా శాలువా పట్టుకుని దూకింది. జనాన్ని తోసుకుంటూ పాచో వచ్చాడు. "మాస్టారూ! నువ్వా దొంగవి?"

"నెమ్మదైనదాన్ని పట్టుకెళ్ళమన్నావుగా!"

"నొప్పులొచ్చే గొర్రె నెమ్మదిగా ఉండక డాన్సు చేస్తుందా? పోట్లాట తర్వాత. రెండు కాళ్ళూ పట్టుకో. అది ముక్కినప్పుడే లాగు. కిందికి, కిందికి లాగు!"

"నువ్వు రారాదూ?"

"చోటెక్కడుంది? లాగు మాస్టారూ!"

మాస్టారు లాగాడు. పసుపుపచ్చగా, తడిగా, జారుతూ ఒక పిల్ల ఆయన ఒళ్ళో పడింది. కదల్లేదు. ఊపిరి లేదు.

"గడ్డిపోచ ముక్కులో పెట్టు! రుద్దు! గట్టిగా రుద్దు!"

ఆయన రుద్దాడు. ఊరంతా చూస్తోంది. కమిటీ చూస్తోంది. ఆ సంగతి ఆయనకు గుర్తు లేదు. "లే నాన్నా, లే," అంటున్నాడు, నలభై ఏళ్ళు బళ్ళో వెనక బెంచీల పిల్లలతో అన్న గొంతుతోనే. గొర్రెపిల్ల తుమ్మింది. మళ్ళీ తుమ్మి, తల విదిలించి, ఎవరిమీదో ఫిర్యాదు చేస్తున్నట్టు అరిచింది.

"తుడవడానికి గుడ్డ! చలికి పోతుంది, ఎవరైనా గుడ్డివ్వండి!" అన్నాడు పాచో.

అప్పుడు డిన్నీ స్కాహిల్ ముందుకొచ్చి రెండు చేతులూ చాచాడు. మాంసం కొట్టు మనిషి గొర్రెపిల్ల వైపు చేతులు చాచడం చూసి ముందు వరసలోని పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. కానీ డిన్నీ తన ఆకుపచ్చ అంగీని తలమీదుగా లాగి మాస్టారి చేతికిచ్చాడు. టోపీ ఊడిపోయింది; కింద బనీను, పైన బోడితల మాత్రమే మిగిలాయి. మార్చి గాలికి మనిషి వణికాడు.

"ఇందాక కిటికీలో... సరిగ్గా కనపళ్ళేదు ఫిన్టన్," అన్నాడు నేల చూస్తూ.

"బాగానే కనపడ్డాను."

"ఆఁ. బాగానే కనపడ్డావు."

"పట్టుకో," అన్నాడు మాస్టారు, పిల్లను అంగీలో చుట్టి అతని చేతుల్లో పెడుతూ. "రెండోది వస్తోంది."

రెండోది తేలిగ్గానే వచ్చింది. వేదిక మీది మైకు పట్టుకునే మనిషి అలవాటు చొప్పున దాన్ని మాస్టారి మూతి ముందు పెట్టాడు. నూలా ఊపిరి బిగబట్టింది. ఉపన్యాసం పదకొండు పేజీలని ఆవిడకొక్కదానికే తెలుసు. మాస్టారు మైకు వైపు చూశాడు. రక్తంతో, బూడిదతో నిండిన తన చేతుల వైపు చూశాడు. కాళ్ళకు స్పర్శ లేదు. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు.

"ఆయన ఆరేళ్ళు ఈ పనే చేశాడు," అన్నాడు. "చలిగా ఉంటుంది."

అంతే. ఇంకేం గుర్తు రాలేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఎవరో కోటు తీసి ఆయన భుజాల మీద కప్పారు. ఇంకెవరో తమ బూట్లు విప్పి ఆయన కాళ్ళ దగ్గర పెట్టారు. అవి సార్జంట్ రోష్‌వని తర్వాత తెలిసింది.

సరిగ్గా ఆ సమయానికి జిల్లా న్యాయనిర్ణేత కారు దిగి, రొప్పుతూ వేదిక దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆవిడకు కనపడిన దృశ్యం ఇది. గడ్డి పరిచిన బండి. గోనె కట్టిన ముసలాయన. ఆయన పక్కన నీలం శాలువాతో మోకరిల్లిన స్త్రీ. గొర్రె. గుడ్డల్లో చుట్టిన పసికూనను ఎత్తుకున్న బోడితల గొల్లవాడు. చుట్టూ నోట మాట లేకుండా నిలబడ్డ జనం. ఆవిడ కళ్ళు తుడుచుకుని, అట్ట మీది కాగితంలో ఏదో గబగబా రాసుకుంది.

ఆ సాయంత్రమే ఫలితాలు వచ్చాయి. జిల్లా మొత్తానికి మొదటి బహుమతి బల్లీక్రానన్‌ది. ఊరి చరిత్రలో ఇదే మొదటిసారి. మాస్టారు యోగ్యతాపత్రం అందుకుని, కళ్ళద్దాలు సవరించుకుని చదివాడు. "అత్యుత్తమ క్రిస్మస్ పశువుల పాక."

"పాట్రిక్!" అన్నాడు ఆయన బలహీనంగా. "నేను పాట్రిక్‌ని!"

"ఊరుకో. బహుమతిచ్చారుగా," అంది నూలా. "జోసెఫ్ మాత్రం తక్కువవాడా?"

సోమవారం కమిటీ కూర్చుంది. పాచో ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు. వేషం ఇక ఎప్పటికీ మాస్టారిదేనని డిన్నీ ప్రతిపాదించగా అందరూ ఒప్పుకున్నారు. మాస్టారు లేచి కృతజ్ఞతలు చెప్పబోయాడు. అధ్యక్షుడు చెయ్యెత్తి ఆపాడు, ఇంకో అంశం ఉందన్నాడు. గొర్రె కడుపుతో ఉండేది నూట నలభై ఏడు రోజులు. వచ్చే ఏడాది మార్చి పదిహేడు మధ్యాహ్నం పన్నెండున్నరకు, మందుల షాపు ముందు, ఇదే దృశ్యం మళ్ళీ జరగాలని ఊరంతా కోరుతోంది. కాబట్టి అక్టోబరు ఇరవై ఒకటిన పాచో పొట్టేలును మందలోకి వదలాలని, ఆ పని దగ్గరుండి జరిపించే బాధ్యత ఫిన్టన్ డర్కన్ మాస్టారిదని తీర్మానం రాసి సంతకాలు చేశారు.

ఈ విషయమై పొట్టేలును ఇంతవరకూ ఎవరూ సంప్రదించలేదు.